సగం జీతం

మార్చి రాకముందే పడవలన్నీ నీళ్లలోకి దిగాలి.
ఆల్చిప్పల కాలం ఎవరి కోసమూ ఆగదు.
బ్లఫ్ రేవులో దక్షిణపు గాలికి
మా షెడ్డు రేకులు రాత్రంతా పళ్లు కొరుకుతాయి.

మర్డో మా అన్నయ్య. అరవై మూడేళ్లు.
నలభై ఏళ్ల రంపాల రొదకి
ఎడమ చెవి మొత్తం, కుడి చెవి ముప్పాతిక సమర్పించుకున్నాడు.
నేను లెక్కలు రాస్తాను, టీ కాస్తాను,
ఫోనెత్తి అవతలివాళ్లు చెప్పింది
ఇవతల అరిచి చెబుతాను.

ఆ ఏడు ఒక కాగితం వచ్చింది.
పని నేర్చుకునే మనిషిని పెట్టుకుంటే
ఏడాది పాటు సగం జీతం సర్కారు ఇస్తుందట.
"సగమేనా?" అన్నాడు మర్డో.
"సగమైనా," అన్నాను.

ఫారం పదకొండు పేజీలు.
తొమ్మిదో పేజీలో ఒక ప్రశ్న:
ఈ సాయం లేకపోయినా ఆమెను పనిలో పెట్టుకునేవారా?
ఔనంటే డబ్బు రాదు.
కాదంటే,
మూడు వారాలుగా బడి వదలగానే వచ్చి
గేటు దగ్గర రాలిన చెక్కపేళ్లు ఏరి
వాసన చూస్తున్న ఆ పిల్ల ముఖం ఎలా చూడను?
పెన్ను మూత తీస్తూ, పెడుతూ
అర్ధరాత్రి దాకా కూర్చున్నాను.
చివరికి కాదనే రాశాను.
అది అబద్ధమో నిజమో ఇప్పటికీ తేలలేదు.

పేరు రంగీమారియే. రంగీ అనమంది.
వాళ్ల తాత పడవకి మా నాన్న అడుగుచెక్కలు వేశాడట.
మాకు గుర్తులేదు, వాళ్లింట్లో గుర్తుంది.

మొదటి వారమే రెండు పలకలు పాడుచేసింది.
కౌరీ చెక్క, కొందామన్నా దొరకదిప్పుడు.
సర్కారువారి పట్టికలో
పాడైన పలకకు గడి లేదు.
ఒకే మాట ఏడుసార్లు చెప్పి
ఎనిమిదోసారి ఉలి తానే అందుకోబోయి
ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడే మా అన్నయ్య,
అలా నిలబడ్డందుకు గంటకెంత?

నాకో పిచ్చి ఆలోచన కూడా వచ్చేది, శుక్రవారాలు.
ఈ పిల్లలో సర్కారు సగం ఏది, మా సగం ఏది?
ఊడ్చే చేయి వాళ్లదీ, కొలిచే కన్ను మాదీనా?
బొటనవేలి మీద సుత్తి పడ్డ రోజు
ఆ కేక ఎవరి ఖాతాలో రాయను?

ఎదురు వీధి టైర్ల షాపు గ్రెంఫెల్
ఏటా ఒక కుర్రాణ్ణి తెస్తాడు.
పన్నెండో నెల డబ్బు పడగానే కరచాలనం చేసి సాగనంపుతాడు.
పదమూడో నెలకి కొత్త ముఖం,
నెత్తిన షాపు పేరున్న పాత టోపీ.
ఇన్నేళ్లూ అందరికీ అదే టోపీ పెట్టాడు.

ఫిబ్రవరిలో కోరల్ మే పడవ వచ్చింది.
మర్డో సుత్తితో పొట్ట మీద తట్టాడు,
మిగిలిన పావు చెవి ఆనించాడు.
"గట్టిగా ఉంది," అన్నాడు.
రంగీ ఏమీ అనకుండా సుత్తి తీసుకుని
జానెడు కిందగా తట్టింది. మళ్లీ తట్టింది.
"ఇక్కడ తడిగా మోగుతోంది."
కత్తి మొన పెడితే
ఉడికిన దుంపలోకి దిగినట్టు దిగింది.

మర్డో నా వైపు చూశాడు.
ఎన్నేళ్లుగా వినిపించడం లేదో,
ఎన్ని పడవల్ని ఊహ మీదే సముద్రానికి పంపాడో
నేను అడగలేదు.
తొమ్మిదో పేజీ ప్రశ్న మాత్రం
తలకిందులై నిలబడింది నా ముందు.

జూన్‌లో ఆఖరి విడత పడింది,
కృతజ్ఞతలతో ఒక అచ్చు ఉత్తరం.
ఆ శుక్రవారం రంగీ గడిలో
ఎప్పుడూ రాసే అంకె అలాగే రాశాను,
నా గడిలో సగం వేసుకున్నాను.
ఎవరికీ చెప్పలేదు.

పుస్తకం మర్డో చూసే ఉంటాడు.
పోయింది చెవులే గాని కళ్లు కావు.
ఏమీ అనలేదు.
మర్నాడు పొద్దున్నే టీ తనే కాసి తెచ్చాడు.
చాలా చెడ్డ టీ.
ముగ్గురం తాగాం.